ఖాళీ బస్సు హారన్

జనగామ దాటి లింగాల ఘనపూర్ వైపు మళ్లే చోట ఆ సాయంత్రం రోడ్డుకు అడ్డంగా టైర్లు తగలబెట్టారు. బడి పసుపు బస్సు పొగకు ఇవతలే ఆగిపోయింది. లోపల ఇండ్లకు పోతున్న తండాల పిల్లలు, వాళ్ల నడుమ ఆయమ్మ యాదమ్మ, స్టీరింగ్ ముందు వాల్యా. పొగలోంచి సంపత్ అనే యువకుడు వచ్చాడు. మెడలో కండువా, చేతిలో కర్ర, మొన్ననే మొలిచిన మీసం. మీసం కంటే గొంతు పెద్దది. డ్రైవర్ తలుపు మీద కర్రతో కొట్టాడు.

"బండి రోడ్డుకు అడ్డం పెట్టు తాతా. పొద్దుగూకేదాక కదలొద్దు. తెలంగాణ కోసం గీపాటి చెయ్యవా?"

"ఎందుకు చెయ్య? చేస్త" అన్నాడు వాల్యా. ఇంజన్ ఆపి తాళంచెవి తీసి సంపత్ చేతిలో పెట్టాడు. "తీస్కో. బండి నీదే."

సంపత్ కొట్లాటకు తయారై వచ్చినవాడు. తాళంచెవి ఇంత తేలిగ్గా చేతికొచ్చేసరికి దాన్నేం చేయాలో తోచక నిలబడ్డాడు. వాల్యా బస్సు దిగి, చుట్టూ తిరిగొచ్చి, పిల్లల తలుపు తీశాడు. ఒక్కొక్కరినే చంకల కింద చేయి వేసి కిందికి దించి సంపత్ ముందు నిలబెట్టసాగాడు.

"ఇగో, ఈ పిల్ల బండి ఆగితే కక్కుతది. ముందట నిలబడకు, మంచి అంగీ ఏసినవ్. గీ పిలగాడు వాళ్ల తాతొస్తేనే దిగుతడు, యేరేటోళ్లు పట్టుకుంటే కరుస్తడు. ఇగ గీ చిన్నోడు, పాపం ఎంతసేపటి సంది ఆపుకున్నడో. లాగు బొందు ముడి పడ్డది. జర ఇప్పు."

"నేనెందుకు ఇప్పాలె?"

"బండి నీదైతే పిల్లలు ఎవరి పిల్లలు? తండతండకు తిప్పి తల్లుల చేతుల పెట్టి రా పో. నీ పని నేను చూస్త. నాకు గొంతు మంచిగుంటది." వాల్యా నిజంగానే కాలుతున్న టైరు పక్కన గొంతుక్కూర్చుని "జై తెలంగాణ!" అని ఒక్క కేక పెట్టాడు. బస్సు దిగిన పిల్లలు ప్రార్థనలో అలవాటైనట్టు చేతులు కట్టుకుని, తిరిగి కేక పెట్టారు. ఆ సందట్లో చిన్నోడు ఆపుకోలేకపోయాడు. సంపత్ ప్యాంటు మోకాలి దాకా తడిసింది.

అడ్డం కూర్చున్నవాళ్లంతా కడుపులు పట్టుకుని నవ్వారు. "ఎక్కించుకొని పో తాతా, నీకు దండం" అని సంపత్ తాళంచెవి తిరిగిచ్చాడు. వాళ్లే కర్రలతో టైర్లు పక్కకు లాగారు.

యాదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ పిల్లలను ఎక్కించింది. ఇంజన్ ఎత్తుకున్నాక ముందుకు పోయి "బాగ చేసినవ్ వాల్యన్నా" అందామనుకుంది. అనలేకపోయింది. ఆయన పెదాలు కదుపుతూ పిల్లల తలలు లెక్కపెడుతున్నాడు, లెక్క అయ్యాక మళ్లీ మొదటినుంచి. అద్దంలోంచి పిల్లలను చూస్తున్నాడు. రోడ్డు చూసినంత సేపే పిల్లలనూ చూస్తున్నాడు.

"వాడు తాళంచెవి తిరిగి ఇయ్యకపోతే ఏం జేస్తుంటి చెల్లె?" అన్నాడు, ఘనపూర్ వచ్చే ముందు.

అప్పుడు తెలిసింది యాదమ్మకు, ఈ మనిషి గెలిచేది ధైర్యంతో కాదని. భయంతోనే గెలుస్తాడు. భయపడ్డవాడికి ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే కనిపిస్తుంది.

వాల్యా లింగాల ఘనపూర్ అవతలి తండాలో పుట్టాడు. నాయిన పశువులు కాచేవాడు. వాల్యాను కూడా కాయమంటే, రోడ్డు మీద లారీ పోతుంటే పశువులను వదిలేసి దాని వెనక పరుగెత్తేవాడట. ఒకసారి లారీ ఆగింది. ఆగిన లారీ ఎక్కి భూపాలపల్లి పోయాడు. అక్కడ క్లీనర్‌గా చేరి, డ్రైవరయ్యాడు. బొగ్గు టిప్పర్ తోలాడు. గంగారం దిక్కు అడవి తండాలో పిల్లను చూసి మోతీబాయిని పెండ్లి చేసుకున్నాడు. ఇప్పుడు జనగామ ఒక జిల్లా, భూపాలపల్లి ఒక జిల్లా, గంగారం పడేది ఇంకో జిల్లాలో. అప్పుడు అంతా వరంగల్ జిల్లానే. జిల్లా దాటకుండా తన మొగుడు ప్రపంచమంతా తిరిగాడని మోతీబాయి ఎక్కిరించేది.

నడివయసు దాటాక ఊరి మీద మనసు లాగి తండాకు తిరిగొచ్చాడు. సరిగ్గా అప్పుడే జగపతి అనే ఆయన జనగామలో బడి పెట్టి, ఎవరో అమ్మేసిన పాత బస్సు ఒకటి కొని పసుపు రంగు పూయించాడు. రంగు కింద పాత పేరు ఇంకా కనబడుతుండేది. జగపతికి రంగే ముఖ్యం. బ్రేకుల సంగతి వాల్యా చూసుకున్నాడు.

యాదమ్మ ఆ బస్సులో ఆయమ్మగా చేరినరోజే వాల్యాతో తగువుపడింది. ఆమె రెండో తరగతి దాకా చదివింది. బోర్డు మీది ఊళ్ల పేర్లు ఎవరి సాయం లేకుండా చదవగలదు. కాబట్టి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. వాల్యా మాత్రం చెప్పాడు. పిల్లను రోడ్డు మీద దించి చెయ్యి ఊపొద్దు, తల్లి చేతిని పట్టుకుని పిల్ల చేతిని అందులో పెట్టాలి, చెయ్యి అందుకునేవాళ్లు లేకపోతే పిల్ల మళ్లీ బస్సులోనే అన్నాడు.

"ఇండ్లు కండ్లముందటనే ఉన్నయ్ గదన్నా. ఉరికిపోరా?" అంది యాదమ్మ.

"బొగ్గు తోలినప్పుడు నాకు నిద్రపట్టేది చెల్లె. బొగ్గు కిందపడితే ఎత్తిపోసుకుంటం. గీళ్లను ఎట్ల ఎత్తిపోస్తం?"

బస్సు కదిలించే ముందు ఒంగి చక్రాల కింద చూసేవాడు. చూసి ఎక్కాక, నమ్మకం లేక దిగి మళ్లీ చూసేవాడు. చివరి పిల్ల దిగాక సీట్ల కింద చేతులు పెట్టి తడిమేవాడు. "ఏం బోయింది, బంగారమా?" అని యాదమ్మ అడిగితే "పండుకున్నోళ్లు ఉంటరు" అనేవాడు. నిజంగానే ఒకసారి ఒకడు దొరికాడు, నోట్లో వేలు పెట్టుకుని. అప్పటినుంచి యాదమ్మ ఎక్కిరించడం మానేసి తను కూడా తడమసాగింది. చదువుకున్న పంతులమ్మలు ముందు సీట్లలో చెవుల్లో వైర్లు పెట్టుకుని పాటలు వినేవాళ్లు. దిగేటప్పుడు సంచీలు కూడా యాదమ్మే అందించాలి.

వాల్యా చేసిన ఇంకో పని ఆ హారన్. బస్సుకున్న కరెంటు హారన్ ఎప్పుడో చచ్చిపోయింది. జగపతి కొత్తది ఎప్పటికి కొనిస్తాడు! వాల్యా తన పాత లారీలకు ఉండే రబ్బరు హారన్ ఒకటి ఎక్కడో సంపాదించి కిటికీ పక్కన బిగించాడు. చేత్తో పిసికితే మోగేది. బర్రె దూడను పిలిచినట్టు ఉండేది ఆ మోత. మోగించడంలో తండాకొక తీరు పెట్టాడు. ఒక తండా మలుపులో పొట్టిగా మోగించి పొడుగ్గా లాగేవాడు, ఇంకో దగ్గర వరుసగా పొట్టివే.

పత్తి చేన్లలో, మక్క చేన్లలో పనిచేసే తల్లుల దగ్గర గడియారాలు లేవు. పొద్దున ఆ మోత వింటే పిల్ల బస్సు ఎక్కినట్టు. సాయంత్రం వింటే పిల్ల వచ్చినట్టు. చేతిలో పని అక్కడే పడేసి గట్లమీద నుంచి ఉరికొచ్చి, బస్సు ఆగకముందే చేతులు చాచేవాళ్లు. ముసలివాళ్లయినా, కొత్త కోడళ్లయినా ఎవరి మోత ఏదో పొరబడేవాళ్లు కాదు.

అవి ఉద్యమం రోజులు. పొద్దున తెరిచిన బడి మధ్యాహ్నం ఉంటుందో లేదో తెలియదు. పేపర్ల నిండా చచ్చిపోయిన పిలగాండ్ల ఫోటోలు. టీవీలో ఏదో ఒక మాట వస్తుంది, జనగామలో షట్టర్లు పడతాయి, జగపతి నోట్లో సిగరెట్‌తో బస్సు దగ్గరికొచ్చి "తీసుకపో, తీసుకపో" అంటాడు. ఎక్కడికి తీసుకుపోవాలి? తల్లులు ఇంకా చేన్లలో ఉంటారు, రోడ్డు మీద ఏముందో ఎవరికీ తెలియదు. ఎదురొచ్చే ప్రతి లారీని ఆపి వాల్యా "ముందట ఎట్లున్నది?" అని అడిగేవాడు. తెలంగాణ రావాలని అందరికంటే గట్టిగా కోరుకున్నవాడే. కానీ "అచ్చేది ఆదివారం అస్తే మంచిగుండు చెల్లె, పిల్లలు ఇంటికాడ ఉంటరు" అనేవాడు.

తర్వాత సకల జనుల సమ్మె మొదలైంది. ఆర్టీసీ బస్సులు డిపోల్లోనే పడుకున్నాయి. భూపాలపల్లిలో బొగ్గు ఆగింది. బడులకు తాళాలు పడ్డాయి. పసుపు బస్సు వాల్యా ఇంటి ముందు నిలబడిపోయింది. పిల్లలు బస్సులో లేకపోతే ఆ మనిషికి భయం తగ్గాలి. తగ్గలేదు. సందు చివర పిల్లలు ఆడుకుంటుంటే గుమ్మంలోంచి చూస్తూ కూర్చునేవాడని, చూసి చూసి తనకే తల తిరిగిందని మోతీబాయి చెప్పింది.

సమ్మె నడుస్తుండగానే ఒకరోజు జగపతి ఫోన్ చేశాడు. బడి మూసి ఉన్నప్పుడే క్లచ్ పని చేయించాలి, బస్సు జనగామ తీసుకురా, మెకానిక్ సగం షట్టర్ దించి పని చేస్తానన్నాడు అని. వాల్యా అద్దాలకు వేపరొట్ట కట్టి, జెండా కట్టి, పొద్దున్నే బయలుదేరాడు.

యాదమ్మ ఆ రోజు తెల్లారకముందే లింగాల ఘనపూర్ ఆడవాళ్లతో ట్రాక్టర్ మీద జనగామ చౌరస్తాకు పోయింది. వంటా వార్పు ఉండింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, రోడ్డు మీదే వండి, అక్కడే బంతులు కూర్చోబెట్టి తినిపించడం. పప్పుచారు ఆమె చేసింది. ఆ రోజు తిన్నవాళ్లలో పప్పుచారు మళ్లీ అడగనివాళ్లు లేరు. పెద్ద నాయకుడొకాయన వచ్చి గంట సేపు మాట్లాడాడు గానీ జనం మాత్రం ఆమె గంటె వైపే చూశారు.

పొద్దు వాలుతుండగా వాల్యా బస్సు చౌరస్తాలో కనబడింది. తిరిగి పోవడానికి బండి దొరికిందని యాదమ్మ ఎక్కింది. బస్సు నిండా ఖాళీ సీట్లు. ఇద్దరూ ఊసులాడుకుంటూ వస్తున్నారు. ఎర్రగుట్ట తండా మలుపు రాగానే వాల్యా చెయ్యి కిటికీ వైపు పోయి రబ్బరు పిసికింది. పొట్టిగా ఒకటి, ఆగి, పొడుగ్గా ఒకటి.

"ఎవరికన్నా ఆ హారన్? ఉన్నది మనిద్దరమే" అంది యాదమ్మ నవ్వుతూ.

"చెయ్యి నా మాట ఇనదు చెల్లె. పొద్దుగాల పోయేటప్పుడు గూడ గిట్లనే మోగిచ్చిన" అని ఆయనా నవ్వాడు.

పత్తి చేను గట్టు మీద ఒక ఆడమనిషి ఉరికొస్తోంది. నడుముకు పత్తి సంచి కట్టి ఉంది. సోమ్లీ. మొగుడు పని కోసం హైదరాబాద్ పోయాడు. ఇంట్లో చెవులు వినబడని అత్త, ఒక్కతే కూతురు కల్యాణి. రెండో తరగతి. సోమ్లీ రోడ్డు మీదికొచ్చి, రోజూ లాగే రెండు చేతులూ చాచి నిలబడింది.

వాల్యా నవ్వు ఆగింది. బస్సూ ఆగింది.

సోమ్లీ తలుపులోంచి తొంగిచూసింది. ఖాళీ సీట్లను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "నిద్రపోయిందా?" అని అడిగింది యాదమ్మను.

"ఎవరు బిడ్డా?"

"నా కల్యాణి. ఎనుక సీట్ల ఉన్నదా?"

"బడి యాడున్నదే సోమ్లీ? సమ్మె నడుస్తున్నది గద!"

"ఇయ్యాల తెరిచిన్రు గదక్కా. పొద్దుగాల హారన్ మోగింది. నేను చేన్లకెంచి ఇన్న. కాకా బస్సచ్చింది, పిల్ల పోయిందనుకున్న." ఆమె వాల్యా వైపు తిరిగింది. "కాకా, ఏది నా బిడ్డ?"

వాల్యా నోరు తెరిచాడు. "నేను ఎవ్వలను ఎక్కించుకోలేదు బిడ్డా" అన్న మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఉత్తగ మోగిచ్చిన."

ముగ్గురూ తండాలోకి పరుగెత్తారు. అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. చెవిలో అరిచి అడిగితే, పిల్ల పొద్దున్నే ఎర్ర రిబ్బన్లు కట్టమంది, కట్టాను, బడికి పోయింది కదా అంది. మేకుకు సంచి లేదు. దండెం మీద యూనిఫాం లేదు. పక్కింటి పిల్లలు చెప్పారు. హారన్ వినగానే కల్యాణి గబగబా తయారై రోడ్డెక్కింది, బస్సు అప్పటికే మలుపు దాటిపోయింది, "ఓ కాకా" అని పిలుస్తూ దాని వెంట పడింది. వీళ్లు బడి లేదని ఎక్కిరించారట. హారన్ మోగింది కదా, మీకేం తెలుసు అందట.

పొద్దున పోయిన పిల్ల. ఇప్పుడు పొద్దు గూకబోతోంది.

వాల్యా బస్సు వెనక్కి తిప్పాడు. ఆ ఇరుకు రోడ్డు మీద రోజూ ఒక్క చుట్టుతో తిప్పేవాడు. ఆ రోజు వెనక చక్రం కాలువలోకి జారింది. ఎక్కించి, మళ్లీ జార్చి, మళ్లీ ఎక్కించాడు. సోమ్లీ మెట్టు మీద నిలబడి కడ్డీ పట్టుకుని ఒక పక్కంతా చూస్తోంది. ఇంకో పక్క యాదమ్మ. బావులున్న చోట వాల్యా బస్సు ఆపేవాడు. ఎందుకు ఆపాడో ఎవరూ అనలేదు. యాదమ్మ దిగి, పోయి, బావిలోకి తొంగిచూసి, తల అడ్డంగా ఊపుతూ తిరిగొచ్చేది. ఎర్ర రిబ్బన్ కనబడొద్దు దేవుడా అని మొక్కుకుంటూనే నీళ్లలో ఎర్ర రిబ్బన్ కోసమే వెతికింది.

దారిలో మేకలు తోలుకొస్తున్న ముసలాయన కనబడితే వాల్యా బస్సు ఆపాడు, యాదమ్మ అడిగింది.

"యూనిఫాం ఏసిన చిన్నపిల్ల, ఎర్ర రిబ్బన్లు. కనబడ్డదా బాపూ?"

"కనబడ్డది. పొద్దుగాల రోడ్డు మీద ఏడ్సుకుంట నడుస్తున్నది. జెండలు కట్టిన ఆడోళ్ల ట్రాక్టర్ ఒకటి ఆగింది, ఎక్కించుకొని జనగామ దిక్కు పోయిన్రు."

"ఎవరి ట్రాక్టర్? ఏ ఊరోళ్లు?"

"నాకేమెరుక బిడ్డా. అన్ని ట్రాక్టర్లు ఒక్క తీరే ఉన్నయ్ గద ఇయ్యాల."

బస్సు పరుగెత్తింది. జనగామ చౌరస్తాలో పొయ్యిలు ఆరిపోయాయి. బూడిద, విస్తళ్లు, వాటిని కెలుకుతున్న కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఇంతమందికి పప్పుచారు పోసిన తను, ఆ బంతుల్లో ఈ పిల్ల కూర్చుని ఉంటే చూడకుండా ఉంటుందా? లేదు, చూసేదాన్నే అని యాదమ్మ పదే పదే తనకు తనే చెప్పుకుంది. షట్టర్లు దించిన దుకాణాల అరుగుల మీద, బస్టాండ్‌లో, రైల్వే స్టేషన్ ముందు, అన్ని చోట్లా సోమ్లీ దిగి "కల్యాణీ!" అని పిలిచింది. చివరికి పేరు పోయి ఉత్త కేక మిగిలింది.

"బడికాడికి పోనియ్ అన్నా" అంది యాదమ్మ.

"గేటుకు తాళం ఉన్నది. వాచ్‌మన్ సుత లేడు. ఆడెందుకుంటది?" అన్నాడు వాల్యా. అంటూనే తిప్పాడు.

బడి సందులో వీధిదీపం వెలగలేదు. బస్సు లైట్లు గోడ మీద పడ్డాయి. సాయంత్రం బడి వదిలాక పిల్లలు బస్సు కోసం వరుసగా నిలబడే గోడ అది. వరుసలో కదిలినవాళ్లను చివరికి పంపిస్తానని వాల్యా రోజూ బెదిరించేవాడు. ఎర్రగుట్ట తండా పిల్లలది గోడకు మొదట, గేటు పక్కన. అక్కడ, తన ముందూ తన వెనకా ఎవరూ లేని వరుసలో, కల్యాణి నిలబడి ఉంది. సంచి రెండు కాళ్ల మధ్య పెట్టుకుంది. ఒక రిబ్బన్ జారిపోయింది. పెదాలు ఎండి తెల్లబడ్డాయి.

బస్సును చూసి పిల్ల కదల్లేదు. పిలిస్తేనే కదలాలి కదా.

"ఇంత లేటా కాకా?" అంది కోపంగా. "ట్రాక్టరక్కలు సందు మొదట్ల దించి పోయిన్రు, ఇగ ఎవ్వరు రాలే."

సోమ్లీ కిందికి దూకి పిల్లను ఎత్తుకుంది. ఎత్తుకుని ఫెడీమని ఒకటి వేసింది, వేసిన చోటే ముద్దు పెట్టుకుంది. "యాడీ, యాడీ" అని తమ భాషలో అమ్మను పిలుస్తూ పిల్ల అప్పుడు ఏడ్చింది, తల్లి మెడ పట్టుకుని. యాదమ్మ నీళ్ల సీసా పట్టుకుని నిలబడింది. వాల్యా సీట్లోంచి లేవలేదు. స్టీరింగ్ మీద తల ఆనించాడు.

తిరుగుదారిలో కల్యాణి తల్లి ఒడిలోనే నిద్రపోయింది. ఎర్రగుట్ట తండా మలుపులో హారన్ మోగలేదు. బస్సు ఊరికే ఆగింది. సోమ్లీ పిల్లను భుజాన వేసుకుని దిగి, డ్రైవర్ కిటికీ కిందికొచ్చి నిలబడింది. వాళ్ల లంబాడీ భాషలో ఏదో అంది. అది యాదమ్మకు తెలియదు. తర్వాత, యాదమ్మకు కూడా వినబడాలన్నట్టు, తెలుగులో అంది.

"నీ హారన్ ఇని నా పానం కుదుటపడ్డది కాకా. బిడ్డ బడిల సదువుకుంటున్నదని సంబురంగ పత్తేరిన. పగటీలి బువ్వ కడుపునిండ తిన్న. నా బిడ్డ తాళమేసిన గేటుకాడ ఎండల నిలబడ్డది, నేను కడుపునిండ తిన్న."

తిట్టలేదు. తిడితే వాల్యా దగ్గర జవాబు ఉండేది. ఆమె చీకట్లోకి నడిచిపోయింది.

సమ్మె ముగిసింది. బళ్లు తెరిచారు. మొదటిరోజు వాల్యా ఆ రబ్బరు హారన్ ఊడదీసి సీటు కింద పడేశాడు. ఎర్రగుట్ట మలుపులో బస్సు ఆపి, ఇంజన్ ఆపి, కూర్చున్నాడు. హారన్ లేదు కాబట్టి మిగతా పిల్లలు ఆలస్యంగా, తిట్టుకుంటూ వచ్చారు. కల్యాణి రాలేదు. తర్వాతి రోజూ రాలేదు. తల్లి పక్కన పత్తి సాళ్లలో కనబడింది, నడుముకు చిన్న సంచి కట్టుకుని. బస్సు ఆగినంత సేపూ నడుము నిటారు చేసి బస్సు వైపే చూసేది. బస్సు కదలగానే ఒంగేది.

వాల్యా రోజూ అక్కడ కావలసినదాని కంటే ఎక్కువసేపు ఆపేవాడు. పంతులమ్మలు జగపతికి చెప్పారు. జగపతి పిలిపించాడు. "పిల్ల దొరికింది గదనయ్య. ఇంకేం పరేషాన్? ఒక్క పిల్ల రాకపోతే బడి మునుగుతదా?" అన్నాడు.

ఆ నెల దాటకముందే వాల్యా తాళంచెవి ఇచ్చేశాడు. కండ్లు సరిగ్గా కనబడటం లేదని చెప్పాడు. ఎక్కడో దూరంగా పత్తి సాళ్లలో ఒంగిన పిల్లను గుర్తుపట్టే కండ్లు! యాదమ్మ నమ్మలేదు, అడగనూ లేదు. బడిలో ప్రార్థన తర్వాత శాలువా కప్పి ఫోటో తీశారు. జగపతి నాలుగు మంచి మాటలు మాట్లాడాడు, పేరు మాత్రం తప్పు పలికాడు. మరునాటి నుంచి చందూలాల్ అనే కుర్రవాడు బస్సు తోలసాగాడు. ఒక చేతిలో ఫోన్, ఒక చేతిలో స్టీరింగ్. యాదమ్మ మొదటిరోజే ఆ ఫోన్ లాక్కుని తన రొండిన దోపుకుంది.

ఒక ఆదివారం మోతీబాయి కబురు పెట్టింది, అన్న రమ్మంటున్నాడని. యాదమ్మ పోయింది. వాల్యా వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇన్ని రోజుల్లోనే మెడ సన్నబడింది. బస్సు నిలబడే చోట నూనె మరక ఇంకా ఉంది, దాని మీద కోళ్లు తిరుగుతున్నాయి. మోతీబాయి చాయ్ ఇచ్చి పక్కనే కూర్చుంది.

"ఎట్లున్నరు పిల్లలు?" అన్నాడు.

"మంచిగున్నరు. నీ తీరుగ బెదిరిచ్చెటోడు లేక నెత్తికెక్కిన్రు."

"సీట్ల కింద చూస్తున్నవా?"

"చూస్తున్ననన్నా. బస్సుల ఉన్నప్పుడు గూడ రోజు గదే అడుగుతుంటివి."

"అది బస్సెక్కిందా?"

పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. యాదమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "లేదు" అంది.

"ఈ మనిషే పోయొచ్చిండు సోమ్లీ ఇంటికి" అంది మోతీబాయి మెల్లగా. "గుమ్మం ముందట నిలబడ్డడట. సోమ్లీ మంచినీళ్లిచ్చింది, మంచమేసింది, కాకా అన్నది. గంతే. పిల్ల ముచ్చట తీస్తే లోపలికి పోయింది. రెండోపారి పోతే తలుపు తియ్యలే."

"తియ్యదు" అన్నాడు వాల్యా. "నేనైనా తియ్య. ఆమె తప్పేమున్నది? పత్తి అయిపోవచ్చింది, ఇగ మిరపకాయ తెంపుడుకు తోలుకపోతదట దాన్ని, మానుకోట దిక్కు. ఒక్కసారి కూలికి అలవాటైతే ఇగ బడి మొకం చూడదు పిల్ల. నా తోటోళ్లెంతమంది గట్లనే పోయిన్రు. నేను సుత గట్లనే పోయిన."

యాదమ్మ చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి గ్లాసు మోతీబాయికి ఇచ్చింది.

"నువ్వు పో చెల్లె" అన్నాడు ఆయన. "నీకు తలుపు తీస్తది. బతిమాలకు. బతిమాలితే ఆమె ఏడుస్తది, నువ్వు ఏడుస్తవ్, పిల్ల చేన్లకు పోతది. కొట్లాడు. నీ నోరు నాకెరుకే గద. నన్ను తిట్టు ఆమె ముందట, ముసలోనికి బుద్ధిలేదు, ఉత్తగ హారన్ కొట్టిండు, ఇప్పుడు బండి దిగిండు, ఇగ ఆ బండిల వాడు లేడు అని చెప్పు. బండిల ఉన్నది నువ్వని చెప్పు."

"తిట్టుమంటే తిడ్త. తిట్టుడు నాకేం కష్టం" అంది యాదమ్మ. కొంగు బిగించి నడుముకు దోపింది.

"ఆమె ఒప్పుకున్నంక ఇంకో పని. పిల్ల చెయ్యి ఆమె చేతికెంచి నీ చేతుల పెట్టించుకో. నువ్వు గుంజుకోకు, ఆమెనే పెట్టాలె. మిరపకాయకు పోయే ట్రాక్టర్ ఎల్లుండొస్తదట. రేపు పొద్దుగాల, ఆమె చేన్లకు పోకముందే, పో."